పన్ను ఒక్క డాలరు కూడా పెరగకూడదన్న వినతిపత్రం మీద సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేము న్యూజెర్సీ మధ్య ప్రాంతంలో ఉంటున్నాం. ఇల్లు కొని చాలా ఏళ్లయింది, అమెరికా పౌరసత్వం కూడా వచ్చింది. పెద్దమ్మాయి కాలేజీలో ఉంది, అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. నిరుడు మా ఆస్తిపన్ను 13,600 డాలర్లు వచ్చింది, అందులో స్కూలు వాటా 7,800. మా వీధిలో కొందరు, ఎక్కువగా రిటైరైనవాళ్లు, వచ్చే ఏడాది స్కూలు పన్ను ఒక్క డాలరు కూడా పెంచకూడదని వినతిపత్రం రాసి నన్ను సంతకం పెట్టమంటున్నారు, ఏప్రిల్ నెల స్కూలు బోర్డు సమావేశంలో మాట్లాడమని కూడా అడిగారు. వాళ్ల మాటలో నాకు న్యాయం కనిపిస్తోంది. మా తెలుగు స్నేహితులు మాత్రం, స్కూళ్లు బాగున్నాయనే కదా ఇక్కడ ఇళ్లు కొన్నాం, కూర్చున్న కొమ్మను నరుక్కుంటావా అని కోప్పడుతున్నారు. నా భార్య స్నేహితురాలు ఇవే స్కూళ్లలో ప్రత్యేక అవసరాల పిల్లల తరగతిలో సహాయకురాలు. సంతకం పెడితే రేపు ఆవిడ ముఖం ఎలా చూడాలని ఇంట్లో వాదన జరుగుతోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఆ బృందంలో చేరండి. ఆ వినతిపత్రం మీద మాత్రం, అది ఇప్పుడున్న రూపంలో, సంతకం పెట్టకండి. ఈ రెండు మాటలూ పొసగనట్టు అనిపించవచ్చు గాని, రెండూ ఒకే ఆలోచనలోంచి వచ్చినవి. ప్రజల డబ్బును పొదుపుగా ఖర్చు చేయమని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి ఇంటికీ ఉంది, ఆ హక్కును శ్రద్ధగా వాడుకుంటే స్కూళ్లకు మేలే జరుగుతుంది. అయితే ఎంత తగ్గించాలో చెప్పి, ఏది తగ్గించాలో చెప్పని వినతిపత్రం ఆ హక్కును వాడుకోవడం లేదు; ఎవరి నిర్ణయాలను ప్రశ్నించాలని బయలుదేరిందో ఆ కార్యాలయానికే అసలు నిర్ణయాన్ని తిరిగి అప్పగిస్తోంది. మీరు ‘సున్నా’ అంటే వాళ్లు తమకు తేలికగా తగ్గేవాటిని తగ్గిస్తారు. తేలికగా తగ్గేవి అనవసరమైనవే కావాలని ఎక్కడా లేదు.

మన ప్రాంతం నుంచి వెళ్లినవారికి ఈ ఏర్పాటు మొదట్లో కొత్తగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కడతాం గాని, ఊళ్లోని బడి ఖర్చుకు మన ఇంటి విలువను బట్టి బిల్లు రాదు. అందుకే అక్కడ తల్లిదండ్రుల పోరాటం ప్రైవేటు స్కూళ్ల ఫీజుల మీద నడుస్తుందే తప్ప ప్రభుత్వ బడి బడ్జెట్టు మీద కాదు. న్యూజెర్సీలో స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక స్థానిక ప్రభుత్వం వంటిది. దానికి ఎన్నికైన బోర్డు, సొంత బడ్జెట్టు, జూలై 1 నుంచి జూన్ 30 వరకు నడిచే ఆర్థిక సంవత్సరం ఉంటాయి. రాష్ట్ర సహాయం పోగా మిగిలిన ఖర్చులో అధికభాగం ఆస్తిపన్నుగా మీ దగ్గరికి వస్తుంది. రాష్ట్రంలో సగటు ఆస్తిపన్ను 2024లో 10,000 డాలర్లు దాటింది, అందులో దాదాపు సగం స్కూళ్లదే. ఇంత భారం మోసేవారు లెక్క అడగడం తప్పు అని మీ స్నేహితులు అనుకుంటే, ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను.

పైగా అడగడానికి ఇప్పుడు మిగిలిన చోట్లు తక్కువ. ఒకప్పుడు న్యూజెర్సీలో చాలా ఊళ్లలో స్కూలు బడ్జెట్టు మీద ఏటా ఏప్రిల్‌లో ఓటింగు జరిగేది. 2010లో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ రాష్ట్ర సహాయాన్ని బాగా కోసిన తర్వాత జరిగిన ఓటింగులో రాష్ట్రవ్యాప్తంగా సగానికి పైగా బడ్జెట్లను ఓటర్లు తిరస్కరించారు. అదే ఏడాది జూలైలో స్కూలు పన్ను మొత్తం ఏటా 2 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి చట్టమైంది. ఆరోగ్య బీమా, పింఛను, విద్యార్థుల సంఖ్య పెరగడం వంటి కొన్ని మినహాయింపులు అందులో ఉన్నాయి. 2012 నుంచి, బోర్డు ఎన్నికలను నవంబరుకు మార్చుకున్న డిస్ట్రిక్టులు ఆ పరిమితికి లోబడినంతకాలం బడ్జెట్టును ఓటుకు పెట్టనక్కరలేదని మరో చట్టం వచ్చింది, చాలా డిస్ట్రిక్టులు ఆ దారి పట్టాయి. దీనివల్ల పెరుగుదలకు అడ్డుకట్ట పడింది, నిజమే. కానీ బడ్జెట్టు గురించి నివాసులు ఏటా ఒకసారైనా మాట్లాడుకునే సందర్భం పోయింది. 2 శాతం అనేది గరిష్ఠ పరిమితిగా చట్టంలో ఉన్నా, చాలా బోర్డులు దాన్ని ఏటా తీసుకోవలసిన మామూలు పెంపుగా చూడడం మొదలుపెట్టాయి. మీ పొరుగువారి ఆవేదనకు మూలం ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. స్కూలు వాటా 7,800 డాలర్లు 2 శాతం పెరిగితే, ఊరి మొత్తం ఆస్తి విలువలో మీ ఇంటి వాటా మారలేదనుకుంటే, ఏడాదికి 156 డాలర్లు, నెలకు 13 డాలర్లు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్న మీ ఇంట్లో దాన్ని ఎవరూ గమనించకపోవచ్చు. అదే పెంపు పదేళ్లు వరసగా సాగితే స్కూలు వాటా 9,500 డాలర్లు దాటుతుంది, అంటే ఇప్పటికంటే ఏటా 1,700 డాలర్లు ఎక్కువ. ఉద్యోగకాలంలో కొన్న ఇంట్లోనే చివరిదాకా ఉండాలనుకునే డెబ్బై ఏళ్ల దంపతులకు అది మందుల ఖర్చుకు ఉంచుకున్న డబ్బు. మీ స్నేహితులు మొదటి అంకె చూస్తున్నారు, మీ పొరుగువారు రెండో అంకె చూస్తున్నారు. రెండూ నిజమే కాబట్టి ఎవరినీ స్వార్థపరులని అనడం సరికాదు. సమావేశంలో మాట్లాడితే మీరు ఈ రెండు అంకెలూ చెప్పండి. ఒకటే చెబితే సగం సభ వినడం మానేస్తుంది.

స్నేహితుల వాదనలో ఉన్న బలాన్ని కూడా గుర్తించాలి. 1969లో ఆర్థికవేత్త వాలెస్ ఓట్స్ ఈశాన్య న్యూజెర్సీలోని ఊళ్లనే తీసుకుని ఇళ్ల ధరలను పరిశీలించారు: ఆస్తిపన్ను రేటు ఎక్కువైన కొద్దీ ఇంటి ధర తగ్గుతుంది, స్కూళ్ల మీద ఖర్చు ఎక్కువైన కొద్దీ ధర పెరుగుతుంది అని ఆయన తేల్చారు. కాబట్టి స్కూలు బాగుండడం పిల్లలు లేని ఇంటికి కూడా ఆస్తే. అయితే ఆ పరిశీలన మీ స్నేహితులు అనుకున్నదాని కన్నా ఒక మాట ఎక్కువే చెబుతోంది: చదువును మెరుగుపరచని ఖర్చుకు పన్ను పెంచితే మొదటి ప్రభావం మాత్రమే మిగులుతుంది, ఇంటి విలువ పడిపోతుంది. స్కూలును ప్రేమించేవాళ్లే ఖర్చును నిలదీయాలి.

స్కూలు ర్యాంకు బాగుంది కదా అని లెక్కలు చూడడం మానేస్తే ఏమవుతుందో న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్‌లోని రోజ్లిన్ చూపించింది. సంపన్నమైన ప్రాంతం, పేరున్న స్కూళ్లు, పిల్లలకు పెద్ద విశ్వవిద్యాలయాల్లో సీట్లు. 2002లో ఆర్థిక వ్యవహారాలు చూసే ఉన్నతాధికారి డబ్బు కాజేసినట్టు బయటపడినప్పుడు బోర్డు ఆ సంగతిని గుట్టుగా ఉంచి రాజీనామాతో సరిపెట్టింది. ఆ తర్వాత జరిగిన దర్యాప్తుల్లో, 2005 నాటి రాష్ట్ర ఆడిట్‌లో తేలింది 1.1 కోట్ల డాలర్లకు పైగా దుర్వినియోగం. డిస్ట్రిక్టు అధిపతి అయిన సూపరింటెండెంట్‌తో సహా బాధ్యులు జైలుకు వెళ్లారు. ఇంట్లో దొంగలున్నారని మీ డిస్ట్రిక్టును అనుమానించమని నేను చెప్పడం లేదు. అంత సొమ్ము అన్నేళ్లు పోతున్నా పన్ను కట్టేవాళ్లలో ఎక్కువమందికి పట్టలేదు, ఎందుకంటే ఫలితాలు బాగున్నాయి. తర్వాత ఆ రాష్ట్రం స్కూల్ డిస్ట్రిక్టుల ఆడిట్ నిబంధనలను కట్టుదిట్టం చేసింది. నివాసులు ముందే గట్టిగా అడిగి ఉంటే ఆ డబ్బులో కొంతైనా తరగతి గదుల్లో ఉండేది.

ఇక మీ పొరుగువారు తెలుసుకోవలసిన ఉదంతం న్యూహాంప్‌షర్‌లోని క్రాయ్‌డన్‌ది. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ చేతిలో ఉన్న వినతిపత్రం పెద్దదైతే ఏ రూపం తీసుకుంటుందో అక్కడ కనిపిస్తుంది. సుమారు 800 మంది ఉండే ఆ చిన్న ఊళ్లో స్కూలు బడ్జెట్టును ఓటర్లు ఏటా ఒక సభలో కూర్చుని చేతులెత్తి ఆమోదిస్తారు. 2022 మార్చిలో జరిగిన సభకు కొద్దిమందే వచ్చారు. 17 లక్షల డాలర్ల బడ్జెట్టును 8 లక్షలకు తగ్గించాలని ఒక నివాసి అప్పటికప్పుడు ప్రతిపాదించారు. సుమారు 80 మంది పిల్లలు, తలకు 10,000 డాలర్లు అన్నది ఆ లెక్క. 20 మంది ఔనన్నారు, 14 మంది కాదన్నారు, తీర్మానం నెగ్గింది. ఆ ఊళ్లో ఉన్నది నాలుగో తరగతి వరకు చెప్పే చిన్న బడి. ఆపై తరగతుల పిల్లలు పొరుగు ఊళ్ల స్కూళ్లకు వెళ్తారు, వారి ఫీజు ఊరే కడుతుంది, ఆ ఫీజు తలకు 10,000 కంటే చాలా ఎక్కువ. అంటే ఆ అంకె వాస్తవంలో దేనికీ సరిపోదు. దాన్ని తిరగదోడాలంటే నమోదైన ఓటర్లలో కనీసం సగం మంది ప్రత్యేక సభకు వచ్చి ఓటు వేయాలని నిబంధన. మార్చిలో ముప్పై నలుగురు తేల్చిన విషయం కోసం మే నెలలో 379 మంది వచ్చారు, 377 మంది పాత బడ్జెట్టును తిరిగి పెట్టమన్నారు, ఇద్దరు వద్దన్నారు.

ఈ కథను చాలామంది పొదుపు కోరేవారి ఓటమిగా చెప్పుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. క్రాయ్‌డన్‌లో తలసరి ఖర్చు ఎక్కువైందన్న ఫిర్యాదు విచారించదగ్గదే. దాని మీద మూడు నెలల ముందు చర్చ మొదలుపెట్టి, పొరుగు ఊళ్లతో ఫీజు ఒప్పందాలను ముందు పెట్టుకుని మాట్లాడి ఉంటే కొంతైనా సాధించేవారు. ఒక గుండ్రటి అంకెను ఒక్క సాయంత్రంలో నెగ్గించుకోవడం వల్ల, ఆ తర్వాత ఆ ఊళ్లో పొదుపు అనే మాట ఎత్తినా అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. మీ వీధివాళ్లు కోరే ‘సున్నా’ అంత తీవ్రమైనది కాదు గాని, అదీ గుండ్రటి అంకే.

స్కూలు బడ్జెట్టులో డబ్బు ఎక్కడికి పోతుందో తెలిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. దేశవ్యాప్తంగా స్కూళ్ల నిర్వహణ ఖర్చులో దాదాపు 80 శాతం జీతాలు, ఉద్యోగుల ఇతర ప్రయోజనాలే. జీతాలను నిర్ణయించేది యూనియన్‌తో బోర్డు కుదుర్చుకునే ఒప్పందం. అది సాధారణంగా మూడేళ్లకో అంతకు కొంచెం అటూ ఇటూగానో ఒకసారి జరుగుతుంది. ఒప్పందంలో ఏటా ఫలానా శాతం పెంపు అని రాసుకున్నాక, పన్ను పెరగకూడదని ఏప్రిల్‌లో మీరు కోరినా బోర్డు ఆ శాతాన్ని మార్చలేదు. మార్చగలిగేది మనుషుల సంఖ్యను. అప్పుడు ముందు పోయేది ఇంకా నాలుగేళ్ల సర్వీసు పూర్తికాక శాశ్వత హోదా రాని కొత్త టీచర్లు, వారికి మళ్లీ నియామకం లేదన్న నోటీసు మే 15లోగా ఇవ్వాలి. తర్వాత సీనియారిటీ వరసలో చివరివారు. వారితో పాటు చదవడంలో వెనుకబడిన పిల్లలకు విడిగా చెప్పే టీచరు, సంగీతం, లైబ్రేరియన్, బడి అయ్యాక జరిగే క్లబ్బులు. డిస్ట్రిక్టు ప్రధాన కార్యాలయంలోని ఒక పదవిని తీసేయమని సభలో చప్పట్లు కొట్టించుకోవడం సులువే గాని, పది కోట్ల డాలర్ల బడ్జెట్టులో ఒక్క పదవి ఎంత శాతమో లెక్కేస్తే దానివల్ల మీ బిల్లులో మార్పు కనిపించదు.

అందువల్ల పొదుపు కోరేవారు అన్నిటికన్నా ఎక్కువగా గమనించవలసింది ఒప్పందం ముగిసే సంవత్సరాన్ని. ప్రస్తుత ఒప్పందం ఎప్పటితో తీరుతుంది, జీతాల పెంపు ఎంత, ఆరోగ్య బీమాలో ఉద్యోగి వాటా ఎంత, పక్క డిస్ట్రిక్టుల్లో అవి ఎంత అన్నవి తెలుసుకుని, చర్చలు మొదలుకాకముందే బోర్డు సభ్యులతో మాట్లాడాలి. ఆ చర్చలు మూసిన గదిలో జరుగుతాయి, కానీ ఏ హద్దుల్లో బేరమాడాలో బోర్డుకు చెప్పే అవకాశం నివాసులకు ముందే ఉంటుంది. చాలా బృందాలు ఈ పని చేయవు. ఏప్రిల్‌లో ఒకసారి కోపంగా వచ్చి, అప్పటికే చేయి దాటిపోయిన దానిమీద మాట్లాడి, ఏమీ మారలేదని ఇంటికి పోతాయి.

మాట్లాడదగ్గ ఇతర విషయాలు కొన్ని ఉన్నాయి. ఎనిమిదో తరగతి వరకు పిల్లలు స్కూలుకు 2 మైళ్లకంటే ఎక్కువ దూరంలో, హైస్కూలు పిల్లలు 2.5 మైళ్లకంటే ఎక్కువ దూరంలో ఉంటే బస్సు పెట్టడం చట్టం ప్రకారం తప్పనిసరి. అంతకన్నా దగ్గరున్నవారికి నడిపేది డిస్ట్రిక్టు ఇష్టపూర్వకంగా ఇచ్చే సదుపాయం. ఆ బస్సుల్లో ఎన్ని సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి, స్కూళ్లు మొదలయ్యే సమయాలను సర్దుకుంటే ఒకే బస్సును రెండు మూడు ట్రిప్పులకు వాడుకోవచ్చా అని అడగండి. రోడ్డు దాటడం ప్రమాదకరమైన చోట మాత్రం ఆ సదుపాయాన్ని తీయమనకండి. కోవిడ్ కాలంలో కేంద్రం మూడు విడతల్లో స్కూళ్లకు ఇచ్చిన సుమారు 19,000 కోట్ల డాలర్ల సహాయాన్ని ఖర్చుకు కేటాయించే గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ డబ్బుతో సృష్టించిన పదవుల్లో ఎన్ని ఇంకా ఉన్నాయి, వాటి జీతం ఇప్పుడు ఎక్కడినుంచి వస్తోంది అన్నది చాలా న్యాయమైన ప్రశ్న. న్యూజెర్సీలో సాధారణ నిధి మిగులు బడ్జెట్టులో 2 శాతానికి మించితే ఆ అదనాన్ని తర్వాతి బడ్జెట్లలో పన్ను భారం తగ్గించడానికే వాడాలి కాబట్టి, మిగులు ఎంత ఉంది, ఏ రిజర్వు ఖాతాలోకి ఎంత పోయింది అని కూడా చూడాలి. స్కూలు నిర్మాణాలకు అప్పు తెచ్చే బాండ్ల మీద ఓటింగు వస్తే వదలకుండా వెళ్లండి. ఆ అప్పు తీర్చే ఖర్చు 2 శాతం పరిమితిలోకి రాదు, ఇరవై ఏళ్లకు పైగా మీ బిల్లులో ఉండిపోతుంది, అయినా ఆ ఓటింగుకు వచ్చేది కొద్దిమందే. అర్హత ఉన్న నిర్మాణాల ఖర్చులో కొంత భాగాన్ని రాష్ట్రం భరిస్తుంది కనుక కొన్ని బాండ్లకు ఔననడమే అసలైన పొదుపు: కారుతున్న పైకప్పును పదేళ్లు వాయిదా వేసిన ఊరు చివరికి ఎక్కువే కడుతుంది.

ఒక విషయం జోలికి మాత్రం వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. బడ్జెట్టు సభల్లో ఎవరో ఒకరు లేచి ప్రత్యేక విద్య ఖర్చు ఎంత పెరిగిందో చదివి వినిపిస్తారు. ఆ ఖర్చు పెద్దదే. కానీ ఒక పిల్లవాడి కోసం విడిగా రాసిన విద్యా ప్రణాళిక (ఐఈపీ)లోని సేవలు చట్టరీత్యా ఇవ్వవలసినవి, బోర్డు వాటిని సభలో ఓటుతో తగ్గించలేదు. కాబట్టి ఆ మాట అనడం వల్ల ఒక్క డాలరు కూడా మిగలదు. మిగిలేది, అదే సభలో వెనక వరసలో కూర్చున్న ఒక తల్లికి తన బిడ్డ ఊరికి బరువు అన్న భావన. 1975లో ప్రత్యేక విద్య చట్టం చేసినప్పుడు ఈ అదనపు ఖర్చు కింద సగటు తలసరి వ్యయంలో 40 శాతం దాకా కేంద్రం ఇస్తుందన్నారు, ఆ వాగ్దానం ఏనాడూ నెరవేరలేదు, అందులో సగం కూడా రావడం లేదు. మీ బృందానికి ఈ ఖర్చు మీద నిజంగా ఆందోళన ఉంటే వినతిపత్రం పంపవలసింది మీ కాంగ్రెస్ ప్రతినిధికి. డిస్ట్రిక్టు తనకు సొంతంగా తరగతులు లేక దూరపు ప్రైవేటు కేంద్రాలకు ఎందరు పిల్లలను పంపుతోంది, వారిలో కొందరికి ఊళ్లోనే మంచి తరగతి ఏర్పాటు చేయగలదా అని అడగడం వేరు. అది ఆ కుటుంబాలు కూడా తరచు కోరుకునేదే.

మన ఇళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలను లెక్కలకు, వ్యాసరచనకు బయట ట్యూషన్లకు పంపుతాం. స్కూల్లో ఒక సహాయక టీచరు పోతే మన పిల్లవాడికి తెలియకపోవచ్చు. అదే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటూ రెండు షిఫ్టులు పనిచేసే తల్లి కొడుక్కి ఆ టీచరే ట్యూషన్. ఏది అనవసరమో నిర్ణయించేటప్పుడు మన ఇంటి అవసరాన్ని కొలతగా పెట్టుకుంటే తప్పు లెక్క వస్తుంది. మీరు కోరే ప్రతి కోత పక్కన, అది ఏ పిల్లలకు తగులుతుందో ఒక వాక్యం రాసుకోండి. ఆ వాక్యాన్ని సభలో బిగ్గరగా చదవలేకపోతే ఆ కోతను వదిలేయండి.

పని మొదలుపెట్టవలసిన కాలం ఏప్రిల్ కాదు. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో గవర్నర్ బడ్జెట్ ప్రసంగం అయిన వెంటనే ఒక్కో డిస్ట్రిక్టుకు రాష్ట్ర సహాయం ఎంతో ప్రకటిస్తారు, మార్చిలో బోర్డు తాత్కాలిక బడ్జెట్టును ఆమోదించి, కౌంటీలో రాష్ట్ర విద్యాశాఖ అధికారి అయిన కౌంటీ సూపరింటెండెంట్‌కు పంపుతుంది, ఏప్రిల్ చివర, మే మొదట్లో జరిగే బహిరంగ విచారణ దాదాపు చివరి మెట్టు. ప్రధానోపాధ్యాయులు తమ కోరికలు పంపేది, ఫైనాన్స్ కమిటీ కూర్చునేది శీతాకాలంలోనే. కాబట్టి మీ ప్రశ్నలు డిసెంబరు, జనవరి సమావేశాల్లో వినబడాలి. చదువుకోవడానికి కావలసినవి దొరుకుతాయి: ప్రతి డిస్ట్రిక్టూ సామాన్యులకు అర్థమయ్యే సంక్షిప్త బడ్జెట్టును ప్రకటించాలి, ఏటా స్వతంత్ర ఆడిట్ నివేదిక ఇవ్వాలి, రాష్ట్ర విద్యాశాఖ అన్ని డిస్ట్రిక్టుల తలసరి ఖర్చులను పోల్చి చూపే పట్టికలు వెలువరిస్తుంది. పోల్చేటప్పుడు మీ అంత పెద్దదీ, మీలాగే హైస్కూలు వరకు నడిపేదీ అయిన డిస్ట్రిక్టుతోనే పోల్చండి. ఇంకా కాగితాలు కావాలంటే బహిరంగ రికార్డుల చట్టం కింద అడగవచ్చు; అయితే ముందు డిస్ట్రిక్టు ఆర్థిక వ్యవహారాలు చూసే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌కు ఫోన్ చేసి మర్యాదగా అడగండి, సగం ప్రశ్నలకు అక్కడే జవాబు వస్తుంది.

వినతిపత్రం విషయానికి వస్తే, దాన్ని చించేయమని కాదు, తిరగరాయమని మీ పొరుగువారితో కూర్చోండి. ‘పెంపు సున్నా’ అన్న వాక్యం తీసేసి, మూడో నాలుగో నిర్దిష్టమైన ప్రశ్నలు పెట్టి, వాటికి విచారణకు ముందే లిఖితపూర్వక జవాబు కోరండి. 2 శాతం పూర్తిగా తీసుకుంటే ఎందుకు తీసుకోవలసి వచ్చిందో బోర్డు వివరించాలని అడగండి. ఆ కాగితం మీద మీరు నిస్సంకోచంగా సంతకం పెట్టవచ్చు. అదే కూర్చున్నప్పుడు, ఆ పెద్దవాళ్లు 65 ఏళ్లు దాటినవారికి ఉన్న సీనియర్ ఫ్రీజ్ వంటి రాష్ట్ర సహాయాలకు దరఖాస్తు చేశారో లేదో కనుక్కోండి, చేయకపోతే ఫారాలు నింపడంలో సాయపడండి. ఆదాయ పరిమితికి లోబడినవారికి పెరిగిన పన్నులో కొంత అలా తిరిగి వస్తుంది, దానికోసం ఏ తరగతి గదినీ ముట్టుకోనక్కరలేదు.

మీ భార్య స్నేహితురాలితో ఈ సంగతి మీరే ముందు మాట్లాడండి, ఆవిడకు వేరేవారి నోటి ద్వారా తెలియనివ్వకండి. ఆవిడ నుంచి దాచవలసింది ఇందులో ఏమీ లేదు. పైగా తరగతి సహాయకుల జీతాలు బడ్జెట్టులో అట్టడుగున ఉంటాయి, కోతల కాలంలో వారి పనిని బయటి కంపెనీకి అప్పగించి ఆరోగ్య బీమా మిగుల్చుకోవడం చాలా డిస్ట్రిక్టులు చూసే దారి. ఆ దారిని మీ బృందం కోరబోదని వినతిపత్రంలోనే రాయించగలిగితే, ఆవిడకు చెప్పడానికి మీ దగ్గర ఒక గట్టి మాట ఉంటుంది. ఏ కొనుగోళ్లు వృథా అవుతున్నాయో, ఏ సాఫ్ట్‌వేర్ కొని అటకెక్కించారో లోపల పనిచేసేవారికే బాగా తెలుస్తుంది. ఆవిడ ఉద్యోగానికి ఇబ్బంది కలగకుండా, పేరు ఎక్కడా రాకుండా, వినడానికి మాత్రమే అడగండి. చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో వదిలేయండి.

వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్న మీ స్నేహితులు తమకు ఓటు లేదు కాబట్టి ఇదంతా తమది కాదని అనుకుంటూ ఉంటారు. బోర్డు సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి సమయం కేటాయించాలని న్యూజెర్సీ చట్టం చెబుతోంది, అక్కడ పౌరసత్వం ఎవరూ అడగరు. పన్ను కడుతున్న వారు, పిల్లలు చదువుతున్న వారు ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. కోప్పడిన ఆ స్నేహితులనే జనవరి సమావేశానికి పిలవండి, మీ ప్రశ్నలు వాళ్ల ముందే అడగండి. పౌరులైన మీకు బోర్డుకు పోటీ చేసే హక్కు కూడా ఉంది. ఆ పదవికి జీతం లేదు, నవంబరు ఎన్నికకు నామినేషన్లు జూలై చివర్లో వేయాలి. ఇప్పుడే నిర్ణయించుకోనక్కరలేదు, ఒక శీతాకాలం సమావేశాలన్నిటికీ వెళ్లి, ఒక బడ్జెట్టును మొదటి నుంచి చివరి దాకా చూసిన తర్వాత ఆలోచించండి.